వదిన నేర్పిన పలకరింపు

“తియ్యి ఈ కంచం.”

బాలకోటయ్య ఇంకా చెయ్యి కూడా కడుక్కోలేదు. పీట మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే అన్నం కంచాన్ని మోచేత్తో నెట్టాడు. పప్పు ఒలికి గచ్చు మీద పారింది.

కొండమ్మ వంగి కంచం తీసింది. నిన్న పొద్దున లారీ తోలే భర్త బండి దిగి ఇంటికి వచ్చినప్పటి నుంచి ఇది మూడోసారి. నిన్న రెండు పూటలా తల్లి వండి పెడితేనే తిన్నాడు. ఈ పొద్దున అత్త నరసమ్మ పొయ్యి వంకే చూడలేదు. కొడుకు తన పెళ్ళాం పెట్టిన కంచాన్ని నెట్టే ముచ్చట చూడటానికి గడప దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుంది.

“కడుపు మాడ్చుకుని ఎవరిని సాధిస్తావు?” అంది కొండమ్మ.

“నువ్వు మాట్లాడబాక.”

“నిన్నటి నుంచీ ఇదే మాట. అడగాల్సింది ఏందో అడగరాదా? అడిగితే చెబుతా.”

“అడగటానికి నాకు సిగ్గుగా ఉంది.”

“చేసినోళ్ళకు లేని సిగ్గు నీకెందుకురా?” నరసమ్మ అందుకుంది. “నువ్వు అడగలేకపోతే నేనడుగుతా. ఏమే, బేస్తవారం పొద్దున దొడ్లో నీళ్ళ తొట్టి కాడ నువ్వూ నీ మరిదీ ఎదురూబొదురూ నిలబడి ఏం చేస్తన్నారు?”

వసారాలో సైకిలు తుడుస్తున్న అంకమ్మరావు చెయ్యి ఆగిపోయింది.

అంకమ్మరావు బాలకోటయ్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవై ఆరేళ్ళవాడు. కారంపూడి ఊరి బయట నాపరాళ్ళ పాలిషు ఫ్యాక్టరీలో పని. ఆ రాళ్ళను ఒంటిచేత్తో నిలబెట్టగలిగిన మనిషి ఇంట్లో అడుగు పెడితే చాలు, భుజాలు ముందుకు వచ్చి గడ్డం రొమ్ముకు ఆనుతుంది. అన్న ఎదురుగా ఉంటే నాలుగు మాటలు కూడా రావు.

“మిరపకోతలో తల తిరిగి మధ్యలో వచ్చాను కాబట్టి సరిపోయింది” నరసమ్మ కొడుకు మొహం చూస్తూ చెప్పింది. “నా చెవులారా విన్నా. ‘ఇంకోసారి చెప్పు, నా కళ్ళల్లోకి చూసి చెప్పు’ అంటంది ఇది. వాడు చూశాడు. చూసి ‘మీతో ఒక్క మాట మాట్లాడొచ్చా’ అన్నాడు. దానికి ఈమె నవ్వు. ఇంట్లో మొగుడు లేడు, అత్త లేదు, ఏం నవ్వు, ఏం నవ్వు!”

కొండమ్మకు కోపం కన్నా ముందు నీరసం వచ్చింది. అత్త ఒక్క ముక్క కూడా కల్పించి చెప్పలేదు. ఆ మాటలన్నీ అన్నవే. ఆ నవ్వు నవ్విందే.

ఆమె వసారా వైపు చూసింది. నోరు తెరవాల్సినవాడు అక్కడ ఉన్నాడు. ఒక్క మాట చెబితే తీరిపోతుంది. కాని అంకమ్మరావు మళ్ళీ వంగి, తుడిచిన చువ్వనే తుడవసాగాడు.

“అన్నకు తెలిస్తే ఇంక నేను ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేను వదినా” అని నెల్లాళ్ళ కిందట అతను బతిమాలాడు. ఆమె రెండేళ్ళ కూతురు బుజ్జి తల మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నాడు. కొండమ్మ వేసింది. ఆ ఒట్టే ఇప్పుడు ఆమె నోరు కట్టేసింది.

అతని భయం ఆమెకు తెలియనిది కాదు. ఏడాదిలో మూడు పెళ్ళిచూపులు తప్పిపోయాయి. రొంపిచెర్లలో అయితే, పెళ్ళికూతురి మేనత్త అందరి ముందూ “అబ్బాయికి మాటలు వచ్చునా?” అని అడిగింది. తిరిగి వచ్చాక బాలకోటయ్య ఆ సంగతిని వీధి వీధంతా చెప్పి నవ్వించాడు. ఆ వారం పది రోజులూ అంకమ్మరావు ఫ్యాక్టరీ నుంచి చీకటి పడ్డాకనే ఇంటికి వచ్చాడు.

“ఒరేయ్, ఇట్టా రా.”

బాలకోటయ్య లేచి నిలబడ్డాడు. అంకమ్మరావు గుడ్డ సైకిలు మీద వేసి వచ్చి గడప అవతల నిలబడ్డాడు.

“అమ్మ చెప్పింది నిజమేనా?”

“నిజమే.”

“ఏంది? గట్టిగా చెప్పు.”

“నిజమే అన్నా.”

చెంప మీద దెబ్బ పడింది. దొడ్లోని కోళ్ళు చెదిరాయి. అంకమ్మరావు చెయ్యి చెంప దాకా లేచి, దాన్ని తాకకుండానే కిందికి దిగింది.

“ఎందుకురా?”

అంకమ్మరావు గడప వంకే చూస్తూ నిలబడ్డాడు.

“ఎందుకు అని అడుగుతన్నా!”

“కొడితే చెబుతాడా?” కొండమ్మ కంచం కింద పెట్టి మధ్యకు వచ్చింది. “చిన్నప్పటి నుంచి నీ ఎదురుగా తలెత్తితే దెబ్బ. పెద్దోళ్ళ ముందు మాట్లాడితే దెబ్బ. ఇప్పుడు మాట్లాడకపోతే దెబ్బ. వాడు ఏం చెయ్యాల?”

“వాడి మీద ఈగ వాలనియ్యవే నువ్వు!”

“నీ తమ్ముడు కాబట్టి.”

“నా తమ్ముడు కాబట్టా?” బాలకోటయ్య గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. అరిచే మనిషి అరవడం మానేస్తే కొండమ్మకు కొత్తగా తోచింది. అతను ఆమె మొహంలోకి చూడలేదు. గోడకు తగిలించిన చొక్కా వైపు చూస్తూ అడిగాడు.

“ఎన్నాళ్ళ నుంచి?”

మూడే మూడు మాటలు కూడా కావవి. ఆరేళ్ళ కాపురంలో అతను తిట్టాడు, విసుక్కున్నాడు, తాగి వచ్చి గిన్నెలు విసిరాడు. ఇలాంటి మాట మాత్రం ఎన్నడూ అడగలేదు. ఏం చెప్పినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పినట్టవుతుందని ఆమె పెదవులు బిగించుకుంది.

“చెప్పదురా. ఏమని చెబుద్ది?” అంది నరసమ్మ.

“నేర్పుతంది.”

ఆ మాట అన్నది అంకమ్మరావు. అందరూ అటు తిరిగారు.

“ఏంది నేర్పేది?”

“మాట్లాడటం.”

నరసమ్మ పకపకా నవ్వింది. “ఇరవై ఆరేళ్ళోడికి మాటలు నేర్పుతందంట! బుజ్జిదానికి నేర్పిందా ముందు?”

“నువ్వు ఊరుకో అమ్మా” అన్నాడు బాలకోటయ్య. “ఎవరితో మాట్లాడటం?”

“ఒక అమ్మాయితో.”

“ఏ అమ్మాయి?”

“పుల్లారావు బట్టల కొట్టు అరుగు మీద మిషను కుడతది. సామ్రాజ్యమని.”

“ఆ పిల్లతో ఎన్నాళ్ళ నుంచి మాట్లాడతన్నావు?”

“ఇంకా మాట్లాడలేదు.”

“ఏంది?”

“ఒక్కసారి కూడా మాట్లాడలేదన్నా. రోజూ ఆ దారినే పోతా. నోరు రాదు. చేతులు యాడ పెట్టుకోవాలో తెలవదు. నెల్లాళ్ళ కిందట వదినను అడిగా. వదిన ఆ అమ్మాయి లెక్క నిలబడి చెప్పించేది.”

“కట్టు కథ” అంది నరసమ్మ.

బాలకోటయ్య పెళ్ళాం వైపు తిరిగాడు. “నిజమేనా?”

“నిజమే.”

“నేర్పితే మగోడు నేర్పాల. నువ్వెందుకు నేర్పాల?”

“మగోళ్ళు నేర్పేది బస్టాండులో రోజూ చూస్తన్నాంగా” కొండమ్మకు నిన్నటి నుంచి అణిచిపెట్టిందంతా పైకి వచ్చింది. “ఈల వెయ్యటం, దారికి అడ్డంగా సైకిలు పెట్టటం, పేరు చెప్పిందాకా వదలకపోవటం. ఆడపిల్ల ముందు ఎట్టా నిలబడితే ఆ పిల్లకు భయం పుట్టదో మీలో ఒక్కడికి తెలుసా? నాకు తెలుసు. పొలానికి అన్నం తీసుకుపోయే దారిలో నిలబడినోళ్ళందరినీ చూశాను కాబట్టి తెలుసు. వాడికి అదే చెప్పా. పక్కకు నిలబడు, పోయే దారి ఖాళీగా ఉంచు అని చెప్పా. మొహం చూసి మాట్లాడు, గుచ్చి గుచ్చి చూడబాక అని చెప్పా. చిన్న మాటతో మొదలుపెట్టు, పలికితే సంతోషం, పలకకపోతే రెండోసారి అడక్కుండా వచ్చెయ్యి అని చెప్పా. ఇందులో తప్పుంటే చెప్పు.”

“మొగుడికి చెప్పకుండా చేసింది తప్పు కాదా?”

“చెబితే రొంపిచెర్ల సంగతి లెక్క ఇది కూడా వీధిలో చెప్పి నవ్వేవాడివి.”

బాలకోటయ్య మేకుకు తగిలించిన చొక్కా తీసి తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటూ తమ్ముడితో అన్నాడు.

“పద.”

“యాడికి?”

“పుల్లారావు కొట్టు కాడికి. నేను చూస్తా ఉంటా. నువ్వు పోయి ఆ పిల్లతో మాట్లాడు. నెల్లాళ్ళ నుంచి నేర్చుకున్నోడివి మాట్లాడలేవా? మాట్లాడితే మీరు చెప్పింది నిజం. లేకపోతే ఈ సంగతి పెద్ద మనుషుల్లో పెడతా.”

“నీకు మతి పోయిందా?” కొండమ్మ అతని చెయ్యి పట్టుకుంది. “ఆ అమ్మాయి ఏం పాపం చేసింది? నలుగురు తిరిగే చోట ఆమెను మన తగువులోకి లాగుతావా?”

బాలకోటయ్య చెయ్యి విదిలించుకున్నాడు. “నిజమైతే భయమెందుకు? నువ్వు కూడా రా.”

కొండమ్మ ఉయ్యాలలోని బుజ్జిని లేపి చంకన వేసుకుంది. నరసమ్మ కూడా లేచి కొంగు సర్దుకోబోయింది.

“నువ్వుండు” అన్నాడు కొడుకు. నరసమ్మ ఉసూరుమంటూ మళ్ళీ కూర్చుంది.

ముందు బాలకోటయ్య, అతని వెనక పది అడుగుల్లో అంకమ్మరావు, అందరి వెనక కొండమ్మ. కొత్తగా పెట్టిన మండలాఫీసు ముందు జనం కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరో “ఏం బాలకోటయ్యా, ఎప్పుడొచ్చావు మద్రాసు నుంచి?” అని పలకరించారు. అతను వినిపించుకోలేదు.

కొండమ్మ అడుగు పెంచి మరిదిని కలుసుకుంది.

“వెనక్కి పోదాం పద. పెద్ద మనుషులు వస్తే రానియ్యి. నేను చెప్పుకుంటా.”

అంకమ్మరావు తల అడ్డంగా ఊపాడు. “నా మూలాన నువ్వు మాట పడ్డావు వదినా.”

“నిన్న పొద్దున పడ్డా. అప్పుడేమైంది నీ నోరు?”

అతను అన్న వెనకే అడుగు వేశాడు. ఆమెకు ఆ అబ్బాయి మీద జాలి ఉంది. జాలితో పాటు మంట కూడా ఉంది. మూడు పూటల పాటు తాను దోషిలా తిరుగుతుంటే సైకిలు చువ్వలు తుడిచాడతను.

బస్టాండు ఎదురుగా సోడా కొట్టు. దానికి నేరుగా, రోడ్డు అవతల పుల్లారావు బట్టల కొట్టు. కొట్టు ముందు అరుగు మీద, స్తంభం పక్కన కుట్టు మిషను. మిషను ముందు ఒకమ్మాయి వంగి ఏదో అంచు కుడుతోంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయి. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. కొండమ్మ ఆమెను చూడటం ఇదే మొదలు. దొడ్లో నీళ్ళ తొట్టి దగ్గర నెల్లాళ్ళు ఆ అమ్మాయి స్థానంలో నిలబడింది తను. తను అనుకున్నట్టు లేదు ఆ పిల్ల. మొహంలో మెత్తదనం తక్కువ.

“పో” అన్నాడు బాలకోటయ్య. సోడా కొట్టు పందిరి గుంజకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

అంకమ్మరావు రోడ్డు దాటాడు.

ఇక్కడి నుంచి మాటలు వినపడవు. లారీలు, జట్కాలు, సోడా గోలీల చప్పుడు. కొండమ్మ కళ్ళతోనే వినాల్సి వచ్చింది.

అరుగు దగ్గర పడుతుండగా అతని నడక మందగించింది. కుడి చెయ్యి గుండీ తిప్పే పాత అలవాటు కొద్దీ చొక్కా మీదకు పోయింది. పోయింది కాని తిప్పలేదు, కిందికి వదిలేశాడు. అరుగు ఎక్కలేదు. మెట్లకు అడ్డం రాకుండా స్తంభం ఇవతల ఆగాడు. భుజాలు వెనక్కి పోయాయి. ఆ మనిషి నిజంగా ఎంత పొడుగో కొండమ్మకు ఇవాళ తెలిసింది.

అతను ఏదో అన్నాడు. మిషను చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. అమ్మాయి తలెత్తింది. అతను మరో మాట అన్నాడు. చక్రం ఆగింది.

తను నేర్పింది రెండే మాటలు. ‘మీతో ఒక్క మాట మాట్లాడొచ్చా’ అని, ఆమె సరేనంటే ‘చొక్కా కుట్టించుకోవాల, ఎన్ని రోజులు పడుతుంది’ అని. ఆ రెండూ అయిపోయే వేళకు కూడా అతను ఆగలేదు. మాట్లాడుతూనే ఉన్నాడు. చేతులు కదులుతున్నాయి. అమ్మాయి కనుబొమలు ముడిపడ్డాయి. అప్పుడు అంకమ్మరావు చెయ్యెత్తి రోడ్డు ఇవతలికి, తమ వైపే చూపించాడు.

“ఏం చెబుతన్నాడు వాడు?” బాలకోటయ్య గుంజ వదిలి నిటారుగా నిలబడ్డాడు.

ఇది కొండమ్మ చెప్పిన పాఠం కాదు.

సామ్రాజ్యం మెడలో టేపు తీసి మిషను మీద పడేసింది. మెట్లు దిగింది. వస్తున్న జట్కాను ఆగమన్నట్టు చెయ్యి చూపించి రోడ్డు దాటి నేరుగా బాలకోటయ్య ముందుకు వచ్చింది. వెనకనే అంకమ్మరావు వచ్చాడు.

“ఇతను మీ తమ్ముడేనా?”

“అవును.”

“ఈమె మీ ఇంటామేనా?”

“అవును. అయితే ఏంది?”

“మీ ఇంట్లో తగువు తేల్చుకోవటానికి నా మిషనే దొరికిందా మీకు?”

బాలకోటయ్య చుట్టూ చూశాడు. సోడా కొట్టువాడు సీసా చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. “అమ్మాయ్, గొంతు తగ్గించు. నేను నిన్నొక మాట అన్నానా?”

“అనలేదు. నిలబడి చూస్తన్నారు. వీడు మాట్లాడగలడా లేదా, ఆ పిల్ల పలుకుద్దా లేదా అని చూస్తన్నారు. రేపు ఈ అరుగు మీద కూర్చుని నేను బట్టలు కుట్టుకోవాలా వద్దా?”

ఆమె అంకమ్మరావు వైపు తిరిగింది. “నిన్ను కూడా అడుగుతన్నా. మా అన్న చూస్తన్నాడు, మా వదినకు మాట వచ్చింది అని చెప్పావు. అది విన్నాక నేను కాదని ఎట్టా అనేది? కాదంటే ఈమెకు అన్యాయం చేసినట్టు. అవునంటే నాకు నేను చేసుకున్నట్టు. ఇదేనా పలకరించటం?”

అంకమ్మరావు తల దిగుతుందని కొండమ్మ అనుకుంది. దిగలేదు.

“మీరు పలకాలని చెప్పలేదండీ. చూస్తన్నారని మీకు తెలియాలని చెప్పా. అది దాచిపెట్టి మాట్లాడితే మిమ్మల్ని మోసం చేసినట్టవుద్ది. మీరు ఏమీ చెప్పనక్కర్లేదు. తప్పు నాది.”

సామ్రాజ్యం కోపం తగ్గలేదు కాని, తర్వాత ఏమనాలో వెతుక్కుంటున్నట్టు కనపడింది.

“ఇంతకు ముందు వీడు నీకు తెలుసా?” బాలకోటయ్య మధ్యలో దూరాడు.

“తెలవకేం? మూడు నెలల నుంచి సాయంత్రం ఐదున్నరకు ఈ దారినే పోతాడు. మొదట్లో నా అరుగు ముందుకు రాగానే సైకిలు దిగి, ఊడని గొలుసు సర్దేవాడు. తల భూమిలో పాతినట్టుండేది. దొంగచూపులు చూసేవాడేమోనని నేను మిషను పక్కకు తిప్పుకున్నా. ఈ నెల్లాళ్ళ నుంచి మనిషి మారాడు. నిటారుగా పోతన్నాడు. నా వంక ఒకసారి చూసి, నేను చూసేసరికి మర్యాదగా పక్కకు చూస్తన్నాడు. ఎవరో ఆడమనిషి చెప్పి ఉంటదనుకున్నా. ఈ బజార్లో మగోళ్ళకు అంత బుద్ధి వాళ్ళంతట వాళ్ళకు పుట్టటం నేను చూడలేదు.”

సోడా కొట్టువాడు దగ్గినట్టు చేసి అటు తిరిగాడు.

బాలకోటయ్య మొహం నల్లబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి నడుముకు, ఒకసారి జేబుకు పోనిచ్చాడు. సామ్రాజ్యం కొండమ్మ చంకలో ఉన్న బుజ్జిని చూసి, ఎండ తగలకుండా దాని తల మీదకు కొంగు లాగింది.

“నువ్వే నేర్పావా అక్కా?”

“నేనే.”

“బాగానే నేర్పావు.” అని, ఆగి, అంకమ్మరావుతో అంది. “రేపు రాబాక. ఎల్లుండి కూడా రాబాక. ఎవరినో నమ్మించటానికి కాకుండా, నీకై నువ్వు రావాలనిపించిన రోజున రా. అప్పుడు పలుకుతానో లేదో అప్పటి సంగతి.”

ఆమె రోడ్డు దాటి పోయి మిషను ముందు కూర్చుంది. చక్రం తిరగలేదు. సూదిలోకి దారం ఎక్కించడానికి రెండు మూడుసార్లు ప్రయత్నించడం కొండమ్మకు కనపడింది.

“సరే” అన్నాడు బాలకోటయ్య గొంతు సవరించుకుని. “అయిపోయింది. ఇంటికి పదండి. ఆకలవుతంది.”

కొండమ్మ కదల్లేదు.

“పదవే.”

“ఏం అయిపోయింది?”

“అదేలే. ఆ అమ్మాయి చెప్పిందిగా.”

“ఆ అమ్మాయి చెప్పింది.” కొండమ్మ ఆ మాటను నెమ్మదిగా మళ్ళీ అంది. “ఆరేళ్ళు నీ ఇంట్లో ఉన్నాను, నా మాట చాల్లేదు. నీ చేతుల మీద పెంచావు, నీ తమ్ముడి మాట చాల్లేదు. నీకు మొహం కూడా తెలవని పిల్ల వచ్చి చెబితే నీకు చాలింది.”

“నడిబజార్లో ఏంది ఈ రచ్చ? ఇంట్లో మాట్లాడుకుందాం.”

“బజారుకు తెచ్చింది నువ్వు. ఇంట్లో నన్ను ఏమని అడిగావు?”

బాలకోటయ్య నేల చూశాడు.

“ఎన్నాళ్ళ నుంచి అని అడిగావు. ఆ మాట ఇప్పుడు అడుగు. ఇక్కడ, ఈ సోడా కొట్టు ముందు అడుగు.”

“ఏదో కోపంలో వచ్చింది.”

“కోపంలో నువ్వు అరుస్తావు. ఆ మాట అరవలేదు. గోడ వంక చూసి నింపాదిగా అడిగావు.”

ఎర్ర బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి బస్టాండు ముందు ఆగింది. వినుకొండ బోర్డు. కండక్టరు తలుపు తీసి “ఈపూరు, వినుకొండ” అని కేక వేశాడు. ఈపూరు కొండమ్మ పుట్టిల్లు. తండ్రి లేడు. అన్న పిలిస్తే పలుకుతాడు, పిలవకపోతే పలకడు. అక్కడికి పోవాలని ఆమె పొద్దున్న అనుకోలేదు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు కూడా అనుకోలేదు. కేక విన్నాక కాళ్ళు అటు తిరిగాయి.

“వదినా!” అంకమ్మరావు అడ్డం వచ్చాడు. వెంటనే పక్కకు జరిగాడు. “నేను వచ్చి దింపుతా.”

“అక్కర్లా.”

“నా మీద కోపమా?”

“కోపమే” అంది కొండమ్మ. “అక్కడ నిలబడి అంత చక్కగా మాట్లాడినోడివి. నిన్న నా కోసం ఒక్క మాట మాట్లాడలేకపోయావు. దాని గురించి నువ్వే ఆలోచించుకో. నేనేమీ చెప్పను.”

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె చూడనట్టు బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్ళో బుజ్జి నిద్ర మొహంతో చుట్టూ చూస్తోంది. కట్టుబట్టలు తప్ప వెంట ఏమీ లేవు. నడుమున దోపుకున్న చిన్న సంచిలో బస్సు ఛార్జీకి సరిపడా ఉన్నట్టు చేత్తో తడిమి చూసుకుంది.

బాలకోటయ్య కిటికీ కిందికి వచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. బెజవాడ రోడ్డు మీద నాలుగు లారీల అవతల ఉన్న క్లీనరుకు వినపడేలా కేక వేసే మనిషి. ఇప్పుడు ఒక్క ముక్క బయటకు రాలేదు. పెదవులు ఆడి ఆగిపోయాయి. కొండమ్మ మొహం తిప్పుకోలేదు, సాయం కూడా చేయలేదు. అలాగే చూస్తూ కూర్చుంది.

“రైట్” అన్నాడు కండక్టరు. బస్సు కదిలింది.

కిటికీలో నుంచి సోడా కొట్టు వెనక్కి పోయింది. బట్టల కొట్టు అరుగు వెనక్కి పోయింది. ఒంటరిగా రోడ్డు పక్కన నిలబడిన అంకమ్మరావు చిన్నగా కనపడ్డాడు. బాలకోటయ్య మాత్రం కనపడలేదు. కొండమ్మ కాస్త ముందుకు వంగి మళ్ళీ చూసింది. లేడు.

ఊరి చివర మలుపు దాటాక కండక్టరు సీట్ల మధ్య నుంచి వచ్చాడు.

“ఎక్కడికమ్మా?”

“ఈపూరు. ఒకటి.”

“రెండు” అని వెనక నుంచి వినపడింది.

ఆ గొంతు కొండమ్మకు తెలుసు. పరిగెత్తి కదిలే బస్సు పట్టుకున్న ఆయాసం ఉంది అందులో. బుజ్జి ఆమె భుజం మీదుగా వెనక్కి చూసి “నాన్న” అంటూ చెయ్యి చాపింది. కొండమ్మ ఆ చేతిని పట్టుకుని ఒళ్ళోకి దించుకుంది. వెనక్కి తిరగలేదు.

“ఒకటే” అంది.

“ఆమెకు తెలవదు. రెండు కొట్టు” అన్నాడు బాలకోటయ్య.

“నేను ఎవరితోనూ రాలేదయ్యా. ఒకటే కొట్టు.”

ముందు సీట్లలో వాళ్ళు తిరిగి చూశారు. కండక్టరు ఒకసారి ఆమె మొహం, ఒకసారి వెనక కడ్డీ పట్టుకుని నిలబడినవాడి మొహం చూశాడు.

“ఒకటా, రెండా? ముందు మీరు తేల్చుకోండి. ఆడమనిషి వెంట పడి ఎక్కాడంటే ఆయన్ని ఇక్కడే దించాల్సి వస్తది. చెప్పమ్మా, ఆయన నీ మనిషేనా?”

గంట తాడు మీద చెయ్యి వేసి కండక్టరు ఆమె జవాబు కోసం నిలబడ్డాడు.